మోడల్ రైలు ఫొటోగ్రఫీ – 3వ పాఠం: మన లేఔట్‌కు ఏ కెమెరా?

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేసే ఉంటారు. కిటికీ పక్కన ఒక ఇంజను, రెండు పెట్టెలు నిలబెట్టి, చేతిలో ఉన్న ఫోనుతోనే పది ఫొటోలు తీయమన్నాను. వాటిని ఇప్పుడు ముందు పెట్టుకోండి. చాలామందికి రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, రైలును మేడ మీద నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. బల్ల మీది బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. రెండవది, ఇంజను ముఖం స్పష్టంగా ఉంటే వెనుక పెట్టెలు మసకబారి ఉంటాయి, పెట్టెలు స్పష్టంగా ఉంటే ఇంజను చెదిరిపోతుంది. ఈ రెండు లోపాలూ ఎందుకు వచ్చాయో తెలిస్తే, ఏ కెమెరా కావాలో మీకే తెలుస్తుంది. అసలు కొత్తది కొనాలా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ముందు ఎత్తు సంగతి చూద్దాం. నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికీ ఇదే ఆయువుపట్టు.

మనలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలు రైలులో 87వ వంతు. నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుని 87తో భాగించండి. పద్దెనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే మన లేఔట్‌లో, బల్ల మీద కట్టుకున్న ఆ చిన్న రైలు ప్రపంచంలో, పట్టాల పక్కన నిలబెట్టిన గ్యాంగ్‌మన్ బొమ్మ కళ్లు నేల నుంచి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటాయి. ఫొటో చూసేవాళ్లు ఆ గ్యాంగ్‌మన్ పక్కన నిలబడినట్టు అనుకోవాలంటే, లెన్సు నడిమి భాగం కూడా ఆ ఎత్తులోనే ఉండాలి.

ఇప్పుడు కొలిచే స్కేలు తీసుకుని మీ కెమెరాను కొలవండి. అడుగు నుంచి లెన్సు కేంద్రం దాకా ఎంత ఉంది? నా డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) 48 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే 4,176 మిల్లీమీటర్లు, అంటే నాలుగు మీటర్లు దాటింది. చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైన మన పాత ఐసీఎఫ్ పెట్టె ఎత్తు కూడా పట్టాల మీద నుంచి దాదాపు నాలుగు మీటర్లే. కెమెరాను పట్టాల పక్కన బల్లకు ఆనించి పెట్టినా దాని కన్ను పెట్టె పైకప్పు దగ్గర ఉంటుందన్నమాట. అంతకంటే కిందికి దిగే దారి లేదు. బల్ల అంచున ఉన్న దృశ్యమైతే ట్రైపాడ్‌ను కిందికి దించి సర్దుకోవచ్చు. లేఔట్ మధ్యలో ఆ అవకాశం ఉండదు.

నేను కట్టుకున్నది కొత్తవలస–కిరండూల్ లైనులో అనంతగిరి కొండల మధ్య ఉండే ఒక చిన్న భాగం. బొర్రా గుహల స్టేషను పరిసరాలు గుర్తు పెట్టుకుని ఒక సొరంగం, ఒక వంపు, పక్కన రాతి గోడ. అక్కడ నిజంగా పట్టాల పక్కన నిలబడి చూసినవాళ్లకు తెలుసు: చీకటి నోట్లోంచి ఇంజను బయటికి వచ్చే క్షణంలో దాని ముఖం ఆకాశమంత కనిపిస్తుంది. ఆ అనుభూతి కోసమే ఆరు నెలలు కొండ చెక్కాను. నాలుగేళ్ల క్రితం ఒక కెమెరా దుకాణంలో సలహా అడిగితే, మెగాపిక్సెళ్లు ఎక్కువ ఉన్నదాన్ని, పెద్ద జూమ్ లెన్సుతో కలిపి చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి సొరంగం ముందు పెడితే లెన్సు గొట్టం రాతి గోడకూ ఓహెచ్‌ఈ (పట్టాల పైన వేలాడే కరెంటు తీగ) స్తంభానికీ మధ్య పట్టలేదు. స్తంభం తీసి పెట్టినా ఇంజను పైకప్పే కనిపించింది, ముఖం కనిపించలేదు. తక్కువ డబ్బేమీ పోయలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ పాఠం రాయడానికి అది కూడా ఒక కారణం.

అదే చోట ఫోను ఏం చేస్తుందో చూడండి. ఫోనులో లెన్సు పై అంచుకు దగ్గరగా ఉంటుంది. ఫోనును తలకిందులు చేసి నిలబెడితే లెన్సు నేలకు దగ్గరవుతుంది. నా ఫోనులో అంచు నుంచి లెన్సు కేంద్రం 12 మిల్లీమీటర్లు. కింద ఒక చిన్న రబ్బరు ముక్క పెడితే సరిగ్గా గ్యాంగ్‌మన్ కంటి ఎత్తు. ప్లాట్‌ఫారం మీది ప్రయాణికుడి చూపు కావాలంటే ఇంకాస్త లేపాలి. మన ఎత్తయిన ప్లాట్‌ఫారాలు పట్టాల నుంచి 84 సెంటీమీటర్ల దాకా ఉంటాయి కాబట్టి, పట్టాల నుంచి లెక్కేస్తే 28 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎన్ స్కేలు వాళ్లకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. 1:160లో కంటి ఎత్తు సెంటీమీటరే కనుక, అక్కడ ఫోను తప్ప మరొకటి పట్టడం కష్టం.

రెండవ కొలత, దగ్గరితనం. ప్రతి లెన్సుకూ అంతకంటే దగ్గరికి వెళితే ఫోకస్ కాని దూరం ఒకటి ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఇచ్చే 18-55 లెన్సుకు అది సుమారు పాతిక సెంటీమీటర్లు. మన స్కేలులో పాతిక సెంటీమీటర్లంటే 22 మీటర్ల దూరం! స్టేషను ఆవరణ బయట నిలబడి జూమ్ చేసి చూసినట్టే. మాక్రో గుర్తు, అంటే పువ్వు బొమ్మ ఉన్న చిన్న కాంపాక్ట్ కెమెరాలు ఐదు సెంటీమీటర్ల దాకా, కొన్నయితే ఇంకా దగ్గరికి వెళతాయి. ఐదు సెంటీమీటర్లంటే నాలుగు మీటర్ల పైచిలుకు, ప్లాట్‌ఫారం అంచున నిలబడినంత. దగ్గరగా వెళ్లి తీసిన ఫొటోలో ముందున్నది పెద్దగా, వెనుకది చిన్నగా పడి రైలుకు పొడవు, బరువు వస్తాయి. దూరం నుంచి జూమ్ చేస్తే అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక్కడొక జాగ్రత్త: కెమెరా పెట్టె మీద రాసే దూరాన్ని కొందరు సెన్సరు (కెమెరా లోపల కాంతిని ఫొటోగా మార్చే పలక) నుంచి, కొందరు లెన్సు ముందు భాగం నుంచి లెక్కిస్తారు. పోల్చే ముందు అది చూసుకోండి.

ఇక మసక సంగతి. లోతు, అంటే ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు స్పష్టంగా కనిపిస్తుందన్నది, మూడింటిని బట్టి ఉంటుంది: అపర్చరు, అంటే లెన్సులో కాంతి లోపలికి వచ్చే రంధ్రం (ఎఫ్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ ఇది చిన్నదవుతుంది, లోతు పెరుగుతుంది), ఎంత దగ్గరగా తీస్తున్నాం, సెన్సరు ఎంత పెద్దది. 30 సెంటీమీటర్ల వెడల్పు దృశ్యాన్ని ఫ్రేములో నింపామనుకోండి. లెక్క వేస్తే, ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సరున్న కెమెరాలో ఎఫ్/16 దగ్గర సుమారు ఏడున్నర సెంటీమీటర్ల లోతు వస్తుంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సరుకు అదే ఎఫ్/16 దగ్గర పదకొండు. ఒక అంగుళం సెన్సరున్న కాంపాక్ట్‌లో ఎఫ్/11 దగ్గర పదమూడు. అంతకన్నా చిన్న సెన్సరున్న పాత కాంపాక్ట్‌లో ఎఫ్/8 దగ్గరే పంతొమ్మిది. పెద్ద సెన్సరుంటే మంచి కెమెరా అన్న మాట పెళ్లి ఫొటోలకు నిజం. మన పనికి అది తలకిందులవుతుంది.

మరి ఫోను సెన్సరు చిన్నదే కదా, దానికి ఇంకా లోతు రావాలి కదా అని అడుగుతారు. పాత ఫోన్లకు వచ్చేది. కొత్త ఖరీదైన ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సరు బాగా పెరిగింది, అపర్చరు ఎఫ్/1.8 దగ్గర తెరిచే ఉంటుంది, చాలా ఫోన్లలో దాన్ని మూయలేము. అదే 30 సెంటీమీటర్ల దృశ్యానికి లెక్కేస్తే మూడు సెంటీమీటర్ల లోతు కూడా రాదు. మీ అభ్యాసంలో వెనుక పెట్టెలు మసకబారింది అందుకే. అదే ఫోనులోని అల్ట్రావైడ్ కెమెరాతో తీసి చూడండి, తేడా కనిపిస్తుంది. దాని సెన్సరు చిన్నది.

అయితే ఊరికే వచ్చే లోతు లేదు. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ కాంతి దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది. అప్పుడు ఫొటో మొత్తం మెత్తబడుతుంది. చిన్న సెన్సరు కెమెరాకు ఎఫ్/8 దగ్గరే ఆ మెత్తదనం వస్తుంది, ఏపీఎస్-సీకి ఎఫ్/22 దగ్గర. నేను ఓహెచ్‌ఈ తీగను చూసి కనిపెడతాను. సన్నటి రాగి తీగ అది. ఎఫ్/11 దగ్గర గీత గీసినట్టు ఉన్నది ఎఫ్/22కి వచ్చేసరికి పెన్సిలు గీతను వేలితో రుద్దినట్టు అవుతుంది. మరోవైపు మనకు కావలసిన లోతు చూడండి. హెచ్‌ఓలో ఒక ఐసీఎఫ్ పెట్టె పొడవు 24 సెంటీమీటర్ల పైనే. మూడు పెట్టెలు వెనక్కి వరుసగా పోతుంటే 70 సెంటీమీటర్లు దాటుతుంది. ఇంత దగ్గర నుంచి ఒక్క క్లిక్కుతో అంత లోతును స్ఫుటంగా ఇచ్చే కెమెరా లేదు.

అందుకే ఫోకస్ స్టాకింగ్ అనే పద్ధతి వచ్చింది. కెమెరాను కదపకుండా, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొంచెం కొంచెంగా జరుపుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి, ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న భాగాన్ని కంప్యూటర్‌లో కలిపేయడం. అలా కలిపే సాఫ్ట్‌వేర్లలో హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బిచ్చి కొనాల్సినవి. హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉచితం. ఈ పద్ధతికి ఒక పాఠం మొత్తం కేటాయిస్తాను. ఇప్పటికి మనకు కావలసింది ఒక్కటే: మీరు ఎంచుకునే కెమెరా ఈ పనికి లొంగాలి. ఫోకస్‌ను చేత్తో జరిపే వీలుండాలి, లేదా ఫోకస్ బ్రాకెటింగ్ పేరుతో కెమెరానే వరుసగా జరిపి తీయాలి. 2017లో వచ్చిన నికాన్ డీ850లో, 2019లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్‌పీలో ఈ సౌకర్యం ఉంది. ఒలింపస్ టఫ్ టీజీ-6 అయితే చిన్న కాంపాక్ట్ అయి ఉండీ సెంటీమీటరు దగ్గరికి వెళుతుంది, స్టాకింగ్ కూడా లోపలే చేసేస్తుంది. దానిలో షట్టరు వేగం మన చేతిలో ఉండదు, అదొక్కటే నాకు నచ్చనిది.

మిగతా లక్షణాలను త్వరగా చెప్పేస్తాను. అపర్చరు, షట్టరు, వైట్ బ్యాలెన్స్ (దీపం రంగును బట్టి ఫొటో రంగులు సర్దడం) మన ఇష్టప్రకారం పెట్టుకునే వీలుండాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టరు 1/50 సెకను, లేదా అంతకంటే నెమ్మదిగా పెడితే ఫొటోలో చారలు రావు. అమెరికాలో ఉన్నవాళ్లు 1/60 అనుకోండి. రెండు సెకన్ల టైమర్ ఉండాలి, చేయి తగిలితే చాలు కదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపడం మరవకండి, రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌లో చెట్ల ఆకులన్నీ అలుక్కుపోతాయి. మెగాపిక్సెళ్ల గురించి బెంగ వద్దు. ఏ4 కాగితం మీద 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, అచ్చు వేయడానికి తొమ్మిది మెగాపిక్సెళ్లు చాలు.

ఇంత శ్రమ ఒక ఫొటో కోసమా అనిపించవచ్చు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ ఆలెన్ అనే ఆయన గోరీ అండ్ డిఫీటెడ్ పేరుతో హెచ్‌ఓ లేఔట్ కట్టాడు. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. 1973 జనవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఔట్ దాదాపు మొత్తం అగ్నికి ఆహుతైంది. ఈనాటికీ దాని గురించి మాట్లాడుకుంటున్నామంటే ఆయన తీసి పెట్టిన ఫొటోల వల్లే. మన సంగతి వేరేగా ఏమీ లేదు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా లేఔట్ విప్పక తప్పని వాళ్లమే మనలో ఎక్కువ.

కాబట్టి నా సలహా ఇది. ఇంట్లో ఫోను ఉంటే ముందు పది రూపాయల రబ్బరు ముక్క, ఒక చిన్న ఫోను స్టాండు కొనండి. షట్టరు, ఫోకస్ చేత్తో పెట్టుకునే ప్రో మోడ్ మీ ఫోనులో ఉంటే రెండు మూడు నెలలు దానితోనే గడపండి. అది చాలదనిపిస్తే, అంగుళం సెన్సరు ఉన్న కాంపాక్ట్‌ను, సోనీ ఆర్‌ఎక్స్100 లాంటిది, వాడినది అయినా సరే వెతకండి. హెచ్‌ఓ లేఔట్‌కు నేను అన్నిటికంటే ఎక్కువగా ఇష్టపడేది ఈ తరగతినే: ఒళ్లు చిన్నది, చేతి అదుపు పూర్తిగా ఉంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటికే ఉన్నవాళ్లు అమ్మేయకండి. బల్ల అంచు దృశ్యాలకు, స్టాకింగ్‌కు దాని నాణ్యత మరి దేనికీ రాదు. కేవలం లేఔట్ కోసం కొత్తగా ఫుల్ ఫ్రేమ్ కొనడం మాత్రం వద్దనే చెబుతాను.

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక వ్యాగన్, ఒక ఆరంగుళాల స్కేలు వేసుకోండి. కెమెరాను కౌంటరు మీద పెట్టించి లెన్సు ఎత్తు కొలవండి. వ్యాగన్‌ను ఎదురుగా పెట్టి ఎంత దగ్గరికి వెళితే ఫోకస్ అవుతుందో చూడండి. అమ్మేవారు ఆశ్చర్యంగా చూసినా ఓపికగా అడిగి చేయించుకోండి, డబ్బు మనది.

ఈ వారం అభ్యాసం. పట్టాల మీద పొడవుగా 30 సెంటీమీటర్ల స్కేలు పడుకోబెట్టండి. కెమెరాను ఒక చివర, లెన్సు 18 మిల్లీమీటర్ల ఎత్తుకు వీలైనంత దగ్గరగా నిలపండి. మరీ కిందికి చేరితే స్కేలు మీది అంకెలు చదవలేరు. అప్పుడు ప్రతి రెండు సెంటీమీటర్లకూ ఒక అగ్గిపుల్లను మైనంతో నిలబెట్టి వాటిని లెక్కపెట్టండి. పదవ సెంటీమీటరు దగ్గరి పుల్లకు ఫోకస్ చేసి ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/16, ఎఫ్/22 దగ్గర ఒక్కొక్కటి తీయండి. అపర్చరు మారని ఫోనైతే ప్రధాన కెమెరాతో ఒకటి, అల్ట్రావైడ్‌తో ఒకటి. ప్రతి ఫొటోలో ఎన్ని పుల్లలు స్పష్టంగా ఉన్నాయో కాగితం మీద రాసుకోండి, పుల్లల అంచులు ఎక్కడ మెత్తబడ్డాయో కూడా. ఆ కాగితం దాచి ఉంచండి. ఎన్ని ఫొటోలు తీసి కలపాలో నాల్గవ పాఠంలో దాన్ని చూసే నిర్ణయిస్తాం.