బండి ఊపిరి, నాలుగో పాఠం: స్నార్కెల్ తీస్తే ఏం మారుతుంది, ఏం మారదు

మూడో పాఠంలో ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి చూశాం, మురికి పట్టినదాన్ని మార్చాం, రబ్బరు అంచు చుట్టూ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాం. అది చేయనివాళ్లు ముందు ఆ పని పూర్తిచేసి రండి. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే, ఇవాళ చేసే పని వల్ల ఏం మారిందో మీకు తెలియదు.

మన ఉదాహరణ బండి కేటీఎం ఆర్‌సీ 390, 373 సీసీ సింగిల్ సిలిండర్. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది. 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి 9,000 చుట్లు) దగ్గర అంటే సెకనుకు 75 సార్లు. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండుతుందనుకుంటే సెకనుకు దాదాపు 28 లీటర్ల గాలి. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్లు దాదాపు ఒకటిన్నర. అంత గాలీ ఫిల్టర్ ఉండే పెట్టెలోకి, అంటే ఎయిర్‌బాక్స్‌లోకి వెళ్లేది ఒక చిన్న గొట్టంలోంచే. దాన్నే స్నార్కెల్ అంటారు. దాన్ని చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ఇది తీసేస్తే ఇంజన్‌కు ఊపిరి బాగా ఆడుతుంది కదా?

అంత తేలికగా తేలే విషయం కాదు. కంపెనీ ఆ గొట్టం పెట్టడానికి ఒక కారణం శబ్దం. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్ మన దేశంలో ఆమోదం పొందాలంటే, పక్క నుంచి వెళ్లేటప్పుడు కొలిచే శబ్దం 80 డెసిబెళ్లు దాటకూడదు. ఆ లెక్కలో సైలెన్సర్ శబ్దంతో పాటు గాలి పీల్చే శబ్దం కూడా కలుస్తుంది. రెండో కారణం నీళ్లు, దుమ్ము నేరుగా లోపలికి పోకుండా చూడడం. మూడోది ట్యూనింగ్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఖాళీ సోడా సీసా మూతి మీద అడ్డంగా ఊదండి. బూం అని ఒకే స్వరం వస్తుంది. మెడ ఎంత పొడవు, ఎంత వెడల్పు, లోపల ఎంత ఖాళీ ఉంది అన్నదాన్ని బట్టి ఆ స్వరం మారుతుంది. కచేరీలో ఘటం విద్వాంసులు కుండ మూతిని పొట్టకు ఆనించి, మళ్లీ తెరుస్తూ నాదం మార్చడం మీరు చూసే ఉంటారు. ఎయిర్‌బాక్స్ కూడా అలాంటి కుండే, స్నార్కెల్ దాని మెడ. వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ ఒక పీల్పు అల వెనక్కి వెళ్లి ఆ కుండను మోగిస్తుంది. మెడ తీసేస్తే ఆ మోత స్థాయి పైకి జరుగుతుంది. అందుకే స్నార్కెల్ తీసిన బండి పెద్ద ఆర్‌పీఎంలో గర్జిస్తుంది, ఒక్కోసారి పై చివర కొంచెం ఎక్కువ లాగుతుంది కూడా. కానీ కింద, 3,000 నుంచి 5,000 మధ్య, మెడ ఇచ్చే సాయం పోయి బండి కొంత మందగించవచ్చు. సిటీలో మనం ఎక్కువగా నడిపేది అక్కడే.

ఇప్పుడు రెస్పాన్స్ సంగతి, అంటే యాక్సిలరేటర్ తిప్పగానే బండి ఎంత చురుగ్గా స్పందిస్తుందన్నది. నేను చాలా ఏళ్లు తప్పుగా అర్థం చేసుకున్నది ఇక్కడే. యాక్సిలరేటర్ పావు వంతే తిప్పినప్పుడు గాలికి అసలు అడ్డం థ్రాటిల్ బాడీలో (యాక్సిలరేటర్‌ను బట్టి గాలిని వదిలే భాగం) చాలావరకు మూసుకుని ఉన్న పళ్లెం. దాని వెనకాల ఉన్న స్నార్కెల్ వెడల్పయినా, ఇరుకైనా ఆ క్షణంలో పెద్ద తేడా ఉండదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడే స్నార్కెల్ లెక్కలోకి వస్తుంది. అందుకే ట్రాఫిక్‌లో "పికప్ పెరిగింది" అనిపిస్తే, అందులో చాలా భాగం చెవికి అనిపించేదే. ట్యాంకు కింద నుంచి శబ్దం రాగానే ఒళ్లు బండి దూకినట్టే స్పందిస్తుంది. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. దాన్ని పవర్ అనుకోవద్దనే చెబుతున్నాను. చిన్న థ్రాటిల్‌లో నిజంగా రెస్పాన్స్ కావాలంటే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయండి. ఇంజన్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు జాయింట్ పగిలిందేమో చూడండి. కేబుల్ ఉన్న బండైతే దాని వదులు, ఏ బండైనా చైన్ వదులు మాన్యువల్‌లో చెప్పిన కొలతకు తెచ్చుకోండి.

సరే, పని మొదలుపెడదాం. ముందు పాత లెక్క రాసుకోవాలి. ఖాళీగా ఉండే, వేగపరిమితి అనుమతించే తిన్నని రోడ్డు ఎంచుకోండి. మూడో గేర్‌లో 40 నుంచి 80 చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, కెమెరాను బండికి గట్టిగా బిగించి స్పీడోమీటర్ రికార్డు చేయండి. మూడుసార్లు. మార్పు తర్వాత అదే రోడ్డు మీద, అదే దిశలో, అదే పూట మళ్లీ మూడుసార్లు. పూట ఎందుకంటే, గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు ఒక శాతం పడిపోతుంది. ఉదయం ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఇంకోసారి కొలిస్తే ఆ అంకెలు దేనికీ పనికిరావు.

ఇంజన్ చల్లారాక ఎయిర్‌బాక్స్ మూత స్క్రూలు విప్పండి. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోటో తీసుకోండి. స్నార్కెల్ మూతలోంచి ఊడి వచ్చేదైతే తీసి భద్రపరచండి. మూతతో కలిసి పోతపోసి ఉంటే కొయ్యకండి, మూతకు చిల్లులు పెట్టకండి. ఇంకో మూత కొనుక్కుని దాని మీద ప్రయోగం చేయండి. మూత మళ్లీ బిగించేటప్పుడు సీలు ఎక్కడా నలగకూడదు. స్నార్కెల్ ఉన్నచోటు నుంచి గాలి రావాలి, అంచుల నుంచి కాదు. పైగా వచ్చే గాలి అంతా ఫిల్టర్ దాటే లోపలికి పోవాలి.

ఈ చివరి మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఒక మెకానిక్ మాట విని ఫిల్టర్ పూర్తిగా తీసేసి, కొత్తగా రోడ్డు వేస్తున్న దారిలో నెల రోజులు తిరిగాను. శబ్దం అద్భుతంగా ఉండేది. తర్వాత థ్రాటిల్ బాడీలో వేలు పెడితే ఎర్రదుమ్ము నూనెతో కలిసి సానబట్టే ముద్దలా అంటుకుంది. కంప్రెషన్ పడిపోయింది, పిస్టన్, రింగులు మార్చాల్సి వచ్చింది. ఆ బండి మా నాన్న దాచుకున్న డబ్బుతో కొన్నది. అప్పటి నుంచి ఫిల్టర్ విషయంలో నేను రాజీపడను. ఇంజన్ పక్కనే వేలాడే కోన్ ఫిల్టర్లు కూడా నాకు నచ్చవు. అవి పీల్చేది రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలి.

గాలి పెరిగితే పెట్రోలు కూడా పెరగాలి. ఎథనాల్ కలపని పెట్రోలుకు సరైన నిష్పత్తి, బరువు లెక్కన, 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు, పూర్తి పవర్‌కు 13 దగ్గరికి రావాలి. నిదానంగా వెళ్లేటప్పుడు సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినట్టు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) సర్దుకుంటుంది. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ముందే రాసిపెట్టిన పట్టికను, అంటే మ్యాప్‌ను నమ్ముకుంటుంది. గాలి ఎక్కువైన సంగతి దానికి పూర్తిగా తెలియకపోతే మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు సైలెన్సర్‌లో టపటపమనడం, ఒకే వేగంలో బండి తడబడడం, మామూలు కంటే ఎక్కువ వేడెక్కడం దానికి గుర్తులు. ఇవి కనిపిస్తే పెద్ద ఆర్‌పీఎంలో లాగకండి, స్నార్కెల్ తిరిగి పెట్టేయండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద కేసు కావచ్చు. వారంటీ ఉన్న బండి మీద ఈ ప్రయోగం వద్దు.

ఈ వారం ఇంటిపని: ఆరు పరుగుల సెకన్లు ఒకే కాగితం మీద రెండు వరుసలుగా రాయండి. ఒకే వరుసలోని మూడు పరుగుల మధ్య ఉన్న తేడా కంటే రెండు వరుసల మధ్య తేడా చిన్నదైతే, పవర్ పెరిగిందని చెప్పడానికి ఆధారం లేనట్టే. అప్పుడు ఆ శబ్దం ఒక్కదాని కోసం స్నార్కెల్ లేకుండా ఉంచాలా వద్దా మీరే తేల్చుకోండి. ఐదో పాఠంలో స్పార్క్ ప్లగ్ విప్పి, దాని రంగును బట్టి మిక్చర్ ఎలా ఉందో చదువుదాం. 16 మిల్లీమీటర్ల ప్లగ్ స్పానర్ సరిపోతుందో లేదో మీ బండి మాన్యువల్‌లో చూసి సిద్ధంగా పెట్టుకోండి.