ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి: ఇంగ్లండ్ చదువుకు వెళ్లే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు

ప్రయాణానికి వారం ముందు అమ్మా నేనూ తిరుపతిలో నన్ను చూసే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం. డాక్టరు గారు లెటర్‌హెడ్ తీసి ఇంగ్లీషులో జబ్బు పేరు రాయబోతుంటే అమ్మ ఆపింది. "పేరు వద్దు సార్. ఆడపిల్ల. మందులు మాత్రం రాయండి, చాలు." బయటికొచ్చాక ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "అక్కడ ఎవురికీ చెప్పబాకు అమ్మణ్ణీ" అంది. నవంబరు దాకా నేను ఎవరికీ చెప్పలేదు.

నవంబరు చివరికి అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. పొద్దున్నే లేవలేక క్లాసులు పోయాయి, ఒక అసైన్‌మెంటు గడువు దాటిపోయింది. అప్పుడు యూనివర్సిటీ డిజెబిలిటీ ఆఫీసుకు వెళ్లి చెబితే వాళ్లు ఓపిగ్గానే విన్నారు. కానీ డాక్టరు లెటరు అడిగారు. నా చీటీలో మాత్రల పేర్లు తప్ప ఏమీ లేవు. తిరుపతి నుంచి కొత్త లెటరు తెప్పించుకునేసరికి మూడు వారాలైంది. ఈలోగా ఆ సబ్జెక్టు పోయింది.

ఆగస్టు వచ్చిందంటే, కొండకు పోయి మొక్కు తీర్చుకుని, సూట్‌కేసులో ఊరగాయ ఎంత పెట్టుకోవచ్చో అడగడానికి పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. అందరి ముందూ ఊరగాయ గురించి మాట్లాడి, వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఒకరిద్దరు మెల్లగా అడుగుతారు: "అక్కా, నేను మాత్రలు వేసుకుంటున్నా. అక్కడ చెప్పాలా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను. చెప్పాలా వద్దా అని ఒకే ప్రశ్నగా పెట్టుకుంటే బుర్ర వేడెక్కిపోతుంది. ఎవరికి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో విడివిడిగా ఆలోచించండి.

యూనివర్సిటీకి ముందే చెప్పండి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అక్కడ 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం, రోజువారీ పనులకు గట్టిగా అడ్డుపడుతూ ఏడాదికి పైగా ఉన్న, లేదా ఉండేలా ఉన్న మానసిక సమస్య కూడా డిజెబిలిటీ కిందికే వస్తుంది. వీసా మీద వెళ్లిన మనకూ అది వర్తిస్తుంది. పరీక్షలో అదనపు సమయం, అసైన్‌మెంటుకు గడువు పెంచడం లాంటివి అడిగే హక్కు దాంతో వస్తుంది. డిజెబిలిటీ అనే మాట దగ్గర మనవాళ్లు ఆగిపోతారు. అమ్మ అయితే ఫోన్లోనే ఏడ్చింది. అది అక్కడ ఒక ఆఫీసు పేరు, అంతే. ఆ మాట డిగ్రీ సర్టిఫికెట్ మీద ఎక్కడా పడదు. చెప్పినంత మాత్రాన వీసా పోదు. పద్దెనిమిదేళ్లు నిండిన మీ సంగతి మీ అనుమతి లేకుండా అమ్మానాన్నలకు చెప్పరు, ప్రాణాపాయం ఉందనిపిస్తే తప్ప.

వీసా విషయంలో జాగ్రత్తపడాల్సింది ఇంకోచోట. చదువు మధ్యలో కొన్నాళ్లు ఆపేస్తే యూనివర్సిటీ ఆ సంగతి హోం ఆఫీసుకు (అక్కడ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలియజేయాలి, దాంతో వీసాకు ఇబ్బంది రావచ్చు. అందుకని ఒంట్లో శక్తి అయిపోయాక "ఇక ఆపేస్తా" అని మెయిల్ పెట్టకుండా, ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో మాట్లాడండి.

నర్సింగ్, మెడిసిన్, టీచింగ్ లాంటి కోర్సులకు వెళ్లేవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లను ఆరోగ్యం గురించి కాగితం మీదే అడుగుతారు, అక్కడ దాచడం మంచిది కాదు. జబ్బు ఉన్నందుకన్నా దాచినందుకే ఎక్కువ చిక్కు వస్తుంది.

తర్వాత డాక్టరు. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ కట్టే వెళ్తున్నారు కదా, మొదటి వారంలోనే ఇంటి దగ్గరి జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోండి. ఆయన దగ్గర ఏదీ దాచొద్దు. మన బ్రాండ్ పేర్లు అక్కడ చాలామందికి తెలియవు, అసలు మందు పేరూ ఎన్ని మిల్లీగ్రాములో కూడా లెటరులో ఉండాలి. మాత్రలు స్ట్రిప్పులతోనే తీసుకెళ్లండి, స్టీలు డబ్బాలో పోసుకుని పోవద్దు. క్లోనజెపామ్ లాంటివి అక్కడ కంట్రోల్డ్ మందులు, అంటే వాటి మీద చట్టం నిఘా ఉంటుంది. మూడు నెలలకు తక్కువగానే ఉంచుకుని, లెటరును చేతిసంచిలో పెట్టుకోండి.

ఇక ఇంట్లో కలిసి ఉండేవాళ్లు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. మేం ఆరుగురం, అందరం మన వైపు వాళ్లమే. అలాంటి ఇంట్లో వేడి అన్నం, పప్పు దొరుకుతాయి, పండగకి పొంగలి దొరుకుతుంది. కానీ అక్కడ రాత్రి అన్న మాట తెల్లారేసరికి తిరుచానూరు రోడ్డులో ఎవరో ఒక పిన్ని నోట్లో ఉంటుంది. కాలు విరిగితే పుత్తూరు కట్టుకు పోతూ దారిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తాం. దీనికి మాత్రం గొంతు పెగలదు. అందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, ఆరుగురికీ చెప్పాల్సిన పని లేదు. ఒక్కరు చాలు.

నేను చెప్పింది పలమనేరు అమ్మాయికి. ఇద్దరం సింకు దగ్గర ఉన్నాం, తను బియ్యం కడుగుతోంది. ముఖంలోకి చూడక్కర్లేదు కాబట్టి చెప్పగలిగాను. జబ్బు పేరు చెప్పలేదు. "నాకు అప్పుడప్పుడు మనసు బాగుండదు, మాత్రలు వేసుకుంటా. రెండు రోజులు గదిలోంచి బయటికి రాకపోతే వచ్చి తలుపు కొట్టు" అన్నాను. తను బియ్యం నీళ్లు వంచేసి, "కొడితే తీస్తావా?" అని అడిగింది. తీస్తానన్నాను. జనవరిలో రెండుసార్లు కొట్టింది. ఒకసారి పెరుగన్నం గిన్నె గడప దగ్గర పెట్టి, ఏమీ మాట్లాడకుండా అక్కడే కూర్చుంది.

ఇంటి ఓనరుకు చెప్పక్కర్లేదు. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో కూడా, చేర్చుకుంటామని చెప్పకముందే ఆరోగ్యం గురించి ఆరా తీయడానికి మామూలుగా చట్టం ఒప్పుకోదు.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఈ లెక్కలేవీ వేసుకోవద్దు. ఎవరికైనా సరే వెంటనే చెప్పండి. ఇంగ్లండ్‌లో 111 కి చేసి 2 నొక్కండి, ప్రాణం మీదికొస్తే 999. ఊరికే మాట్లాడే మనిషి కావాలంటే 116 123, దానికి డబ్బులు పడవు. ఇక్కడ తిరుపతిలో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బయల్దేరేముందు చేయాల్సిన పనులు రెండే. మొదట డాక్టరు దగ్గర ఇంగ్లీషులో లెటరు తీసుకోండి. జబ్బు పేరు, ఎన్నాళ్ల నుంచి ఉంది, ఏ మందులు, చదువు మీద ఎలా పడుతుంది, ఇవన్నీ అందులో ఉండాలి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. ఇప్పుడు మా ఇంటికొచ్చే తల్లులకు ఈ మాట అమ్మే చెబుతోంది, నేను నోరు తెరవకముందే. తర్వాత ఆ లెటరు జతచేసి డిజెబిలిటీ ఆఫీసుకు మెయిల్ పెట్టండి: "నేను సెప్టెంబరులో చేరుతున్నాను. నాకు ఫలానా సమస్య ఉంది, చికిత్స తీసుకుంటున్నాను. నాకు ఏ సహాయం దొరుకుతుందో మాట్లాడాలి." ఇంతకు మించి రాయక్కర్లేదు. క్లాసులు మొదలయ్యాక ఆ ఆఫీసులో రద్దీ ఉంటుంది కాబట్టి చెన్నైలో విమానం ఎక్కకముందే పంపేయండి.