బైక్ మీద రిలేతో (సెన్సార్ల రీడింగులను రేడియోలో అందుకుని దాచుకునే పెట్టె) పొలం సెన్సార్ల డేటా తేవడానికి బయల్దేరే ముందు

– యాంటెన్నా బిగించాకే రిలే ఆన్ చేయండి. అది లేకుండా ప్రసారం చేస్తే లోరా (తక్కువ కరెంటుతో దూరం పలికే రేడియో) మాడ్యూల్‌లో యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. మనకు కావాల్సింది 865–867 మెగాహెర్ట్జ్ యాంటెన్నా. 433ది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, జాగ్రత్త.

– రిలే గడియారాన్ని జీపీఎస్‌తో కలపండి. చిక్కంతా టైముతోనే: బ్యాటరీ ఆదా కోసం సెన్సార్ నిద్రలో ఉండి, అనుకున్న సమయానికే మేల్కొంటుంది. సెన్సార్ గడియారాన్ని నడిపే 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల తప్పు) క్రిస్టల్ రోజుకు 1.7 సెకన్ల దాకా తప్పుతుంది, నెలకు దాదాపు 52. సెన్సార్ పది సెకన్లే మేల్కొంటే మీరు పక్కనే నిలబడ్డా పలకదు. అనుకున్న సమయానికి అటొక నిమిషం, ఇటొక నిమిషం సెన్సార్ మేల్కొని ఉండేలా ముందే సెట్ చేసి ఉండాలి.

– రిలే నుంచి ‘అందింది’ అని బదులొచ్చాకే సెన్సార్ పాత రీడింగులు చెరపాలి. ఇంటి దగ్గరే ఒకసారి పరీక్షించండి.

– మెమరీ కార్డులో ఖాళీ, విడి బ్యాటరీ సరే. చెరకు తోటైతే పొడవాటి కర్ర కూడా పట్టుకెళ్లండి. తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి, యాంటెన్నా పైరుకు పైన ఉండాలి.