హైడ్రిల్లా ఆకు, కోడి కాళ్ళు, మన చెయ్యి: కదలికని కళ్ళతో చూడటం ఎలా

ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే ఒక ఆదివారం పొద్దున్న రెండు గంటలు దీనికి కేటాయించండి. పుస్తకంలో కణం ఒక పాఠం, కండరాలు ఇంకో పాఠం, రెండిటికీ చుట్టరికం ఉందని పిల్లలకి తెలియకుండానే పరీక్షలు అయిపోతాయి, నాకు అదే బాధ.

ముందు హైడ్రిల్లా. ఇదో నీటి మొక్క, చెరువులో దొరుకుతుంది, అక్వేరియం షాపుల్లో కూడా అమ్ముతారు. కొమ్మ చివర ఉండే లేత ఆకు ఒకటి తుంచి, స్లైడ్ మీద నీటి చుక్కలో పరిచి, కవర్‌స్లిప్ పెట్టండి. ముక్క కొయ్యక్కర్లేదు, ఆ ఆకు మందం రెండు వరసల కణాలే, వెలుతురు బాగా దిగుతుంది. మైక్రోస్కోప్ లేకపోతే స్కూల్ ల్యాబ్‌లో అడగండి. మొదట 100 రెట్లలో ఫోకస్ చేసుకుని, మధ్య ఈనె పక్కన కణాల దగ్గరికి వచ్చి 400కి మార్చండి. మొదట్లో ఏం కదలదు. కంగారుపడి స్లైడ్ తీసెయ్యకండి, లైట్ కింద ఐదు పది నిమిషాలు అలాగే ఉంచండి, చలికాలమైతే చుక్క గోరువెచ్చని నీళ్ళు వాడండి. ఉన్నట్టుండి ఒక ఆకుపచ్చ గింజ కదులుతుంది, దాని వెనక ఇంకోటి, కాసేపటికి అన్నీ కణం గోడ వెంబడే గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు ఒకే వైపు తిరుగుతుంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు కన్ను తియ్యబుద్ధి కాలేదు.

ఆ గింజలు క్లోరోప్లాస్టులు, ఆకుకి పచ్చరంగు ఇచ్చేవి, వాటంతట అవి ఈదట్లేదు. కణంలో ఆక్టిన్ అనే సన్నటి పోగులుంటాయి, వాటి మీద మయోసిన్ అనే ప్రొటీన్ ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి పదార్థం) ఖర్చుపెట్టి అడుగులేస్తూ సరుకు లాక్కెళ్తుంది, దాంతో చుట్టూ ఉన్న ద్రవం కూడా కదులుతుంది. ఈ రెండు పేర్లు పిల్లల చేత రాయించండి, మళ్ళీ పనుంది.

ఇప్పుడు వంటగది. చికెన్ షాపులో కోడి కాళ్ళు రెండు అడగండి, కోసిన చోట తెల్లటి తీగలు కనబడతాయి. మనం నరాలు అనేస్తాం గానీ అవి నరాలు కాదు, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయుబంధనాలు. జారతాయి కాబట్టి పొడి గుడ్డతోనో పట్టకారుతోనో గట్టిగా పట్టుకుని, వెనక వైపు తీగ లాగండి, గోళ్ళు ముడుచుకుంటాయి. వదిలేసి ముందువైపుది లాగండి, విచ్చుకుంటాయి. ఇప్పుడు అదే తీగని లోపలికి తొయ్యమనండి పిల్లల్ని, ఏం అవ్వదు. కండరం లాగగలదు, తొయ్యలేదు, అందుకే ముడవడానికి ఒకటి, చాపడానికి ఇంకోటి కావాలి. తర్వాత చేతులు సబ్బుతో కడగటం మర్చిపోవద్దు.

మన చెయ్యి చూడటం సులువే. అరచెయ్యి టేబుల్ కింద పెట్టి పైకి ఎత్తబోతే జబ్బ ముందువైపు గట్టిపడుతుంది, టేబుల్ పైన పెట్టి కిందికి నొక్కితే వెనకవైపు. ఆ గట్టిపడే చోట జరిగేది 1954లో శాస్త్రవేత్తలు హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఇంకో జట్టుగా చెప్పారు: కండరంలోని పోగులు కుదించుకుపోవు, ఒకదాని సందుల్లోకి ఒకటి జారతాయి. రెండు చేతుల వేళ్ళూ ఎదురెదురుగా పెట్టి సందుల్లోకి దూర్చి చూపించండి, వేళ్ళ పొడవు అంతే ఉంది, మోచేతులు మాత్రం దగ్గరికొచ్చాయి. ఆ జారే పోగులు ఏవో తెలుసా? ఆక్టిన్, మయోసిన్. ఇక్కడి మయోసిన్ రకం వేరు, కానీ ఆకులోదాని చుట్టమే. పిల్లలు ఇందాక రాసిన కాగితం అప్పుడు తియ్యమనండి.

చివరగా ఒక చేత్తో రెండో చేతిని మోచేతి కింద పట్టుకుని, ఆ రెండో చేతి వేళ్ళు పియానో వాయిస్తున్నట్టు ఆడించండి. మోచేతి కింద కండ కదులుతుంది. వేళ్ళలో కండరాలు లేవు, అక్కడి నుంచి తీగలతో లాగుతున్నాం, ఆ కోడి కాలు లాగానే.