కొత్త షుగర్ రోగుల్ని ఉపరకాలుగా విడగొట్టే అధ్యయనం: తప్పులు ఎక్కడ దొర్లుతాయి

2018లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8,980 మంది కొత్త షుగర్ రోగుల్ని వయసు, బరువు, చక్కెర, ఇన్సులిన్ లాంటి కొలతల్ని బట్టి ఐదు గుంపులుగా విడగొట్టారు. 2020లో మన దేశంలోని డాక్టర్ మోహన్స్ షుగర్ వైద్య కేంద్రాల్లోని 19,084 మంది టైప్-2 రోగుల డేటాలో నాలుగు గుంపులు తేలాయి. థీసిస్‌కి ఇదే పని ఎత్తుకునేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ గురించే కంగారుపడతారు. నిజానికి ఆ పని ఒక పూటలో అయిపోతుంది. చిక్కంతా అంతకుముందే, రక్తం తీసే గదిలోనూ ఎక్సెల్ షీట్‌లోనూ మొదలవుతుంది.

ముందు ఏరివేత. గర్భిణుల్లో వచ్చిన షుగర్, స్టెరాయిడ్లతో వచ్చినది పక్కన పెట్టాలి. సన్నగా ఉండి, తరచూ కడుపునొప్పి, జిడ్డు మలం ఉన్నవాళ్లకు అల్ట్రాసౌండ్ చేయించి పాంక్రియాస్‌లో రాళ్లు లేవని చూసుకోవాలి. శరీరం తన ఇన్సులిన్ కణాల మీద తానే దాడి చేస్తోందా అని చూసే గాడ్ యాంటీబాడీ పరీక్ష అందరికీ చేయించి, పాజిటివ్ వచ్చినవాళ్లను ముందే విడి గుంపు చేయాలి. లుండ్ వాళ్లు చేసిందీ అదే. అయితే షుగర్ లేనివాళ్లలోనూ సుమారు నూటికి ఒకరికి ఇది పాజిటివ్ వస్తుంది. అరవై ఏళ్ల లావుపాటి మనిషికి అంతంతమాత్రంగా పాజిటివ్ వస్తే ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8 యాంటీబాడీలు కూడా చూశాకే టైప్-1 అనాలి.

రక్తం 8 నుంచి 10 గంటల పరగడుపున తీయాలి. కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే స్థితి) ఆస్పత్రిలో చేరినవాళ్లకైతే కనీసం రెండు వారాలు ఆగాలి. చక్కెర విపరీతంగా ఉన్నప్పుడు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు అణగారి ఉంటాయి కాబట్టి సి-పెప్టైడ్ (ఇన్సులిన్‌తో పాటే విడుదలై, అది ఎంత తయారవుతోందో చెప్పే పదార్థం) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబ్ వాడాలి. మామూలు ట్యూబ్‌లో రక్తకణాలే చక్కెరను తినేస్తుంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. సి-పెప్టైడ్‌కి ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబ్ మేలు, గది ఉష్ణోగ్రతలోనే ఒక రోజు నిలుస్తుంది. సీరంలో అంత ఓపిక ఉండదు. ఊళ్లలో క్యాంపు పెట్టి సాయంత్రానికి ల్యాబ్‌కి చేర్చేవాళ్లు ఈ ఒక్క ట్యూబ్ మారిస్తే సగం గొడవ తీరుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా అడగండి. కొన్ని యంత్రాల్లో ఫలితం తారుమారవుతుంది.

రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీని గుడ్డిగా నమ్మకూడదు. ఇనుము లోపముంటే ఎక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్ ఉన్న ఏజెన్సీ ప్రాంతాల రోగులైతే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ గ్రాఫ్ తెప్పించుకుని చూడాల్సిందే.

ఇక అసలు ఉచ్చు యూనిట్లలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల హోమా-2 కాలిక్యులేటర్‌తో ఇన్సులిన్ ఉత్పత్తినీ, నిరోధకతనూ (ఇన్సులిన్ ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించకపోవడం) లెక్కగడతాం. ఒక రోగికి పరగడుపు గ్లూకోజ్ 168 మిల్లీగ్రాములు, సి-పెప్టైడ్ 1.2 నానోగ్రాములు అనుకుందాం. గ్లూకోజ్‌ని 18తో భాగిస్తే 9.3 మిల్లీమోల్స్. సి-పెప్టైడ్‌ని 0.331తో గుణిస్తే 0.40 నానోమోల్స్. గుణించడం మర్చిపోయి 1.2 అనే కొడితే కాలిక్యులేటర్ నోరెత్తదు, ఎందుకంటే 0.2 నుంచి 3.5 దాకా ఏదైనా దానికి సమ్మతమే. మూడు రెట్ల సి-పెప్టైడ్ పడి, ఇన్సులిన్ లోపం ఉన్న మనిషి నిరోధకత గుంపులోకి వెళ్లిపోతాడు. మరి 0.2 కంటే తక్కువ వచ్చినవాళ్ల సంగతి? కాలిక్యులేటర్ తీసుకోదు, షీట్‌లో గడి ఖాళీగా మిగులుతుంది, ఖాళీ ఉన్న వరుసను సాఫ్ట్‌వేర్ కొట్టేస్తుంది. అలా పోయేది తీవ్ర ఇన్సులిన్ లోపం ఉన్నవాళ్లే. వాళ్లు ఎంతమందో విడిగా లెక్కరాసి చూపించండి.

కిడ్నీ దగ్గర ఇంకో మెలిక. సి-పెప్టైడ్‌ని వదిలించేది చాలావరకు కిడ్నీయే, కాబట్టి క్రియాటినిన్ పెరిగినవాళ్లలో అది పేరుకుపోతుంది. వాళ్లంతా నిరోధకత గుంపులో పడ్డాక, ‘ఈ గుంపులో కిడ్నీ జబ్బు ఎక్కువ’ అని రాస్తే మన గోతిలో మనమే పడ్డట్టు. మొదటి రోజు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) తగ్గినవాళ్లను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క చేయాలి.

క్లస్టరింగ్‌కి, అంటే గుంపులు కట్టడానికి వస్తే, స్త్రీ పురుషులను వేరు చేసి, ప్రతి కొలతనూ సగటు 0, ప్రామాణిక విచలనం 1 అయ్యేలా మార్చి, 5 విచలనాలు దాటినవి తీసేసి, ఒకేలా ఉన్నవాళ్లను దగ్గర చేర్చే కె-మీన్స్ పద్ధతి నడపాలి. ఎన్ని గుంపులో, గుంపులు ఎంత విడిగా ఉన్నాయో చెప్పే సిల్హౌట్ కొలత చూసి నిర్ణయించండి. డేటాను మళ్లీ మళ్లీ శాంపిల్ చేస్తే, అదే గుంపు మళ్లీ ఎంతవరకు వస్తోందో చెప్పే జకార్డ్ సూచీ 0.75 దాటాలి. దాటకపోతే ఆ గుంపుకి పేరు పెట్టొద్దు. కె-మీన్స్‌ని నాలుగు గుంపులు అడిగితే, డేటాలో గీతలు ఉన్నా లేకపోయినా నాలుగు ఇస్తుంది.

రెండు మూడు వందల మందే ఉంటే సొంత గుంపుల జోలికి పోకుండా, ప్రచురించిన కేంద్రబిందువుల్లో (ఒక్కో గుంపు సగటు విలువలు) దగ్గరిదానికి ఒక్కొక్కరినీ చేర్చడం నయం. కాకపోతే సగటు, విచలనం కూడా ఆ అధ్యయనానివే వాడాలి. మన రోగుల సగటుతో కొలిచి స్వీడన్ బిందువులకు చేరిస్తే, అక్కడి లెక్కలో సన్నటి మనిషి ఇక్కడ ఊబకాయం గుంపులో తేలతాడు.

2019లో బ్రిటన్ పరిశోధకుడు జాన్ డెనిస్ బృందం రెండు పెద్ద మందుల ట్రయల్స్ డేటాతో చూపించిన విషయం ఒకటుంది: వయసు, ఈజీఎఫ్‌ఆర్ లాంటి మామూలు కొలతలే ముందుముందు జరగబోయేదాన్ని, రోగి ఏ గుంపులో ఉన్నాడో చూసి చెప్పినంత బాగా, కొన్ని విషయాల్లో అంతకంటే బాగా అంచనా వేశాయి. అందుకే ఫలితాల పట్టికలో గుంపుల పక్కనే ఆ కొలతలతో కట్టిన సాదా రిగ్రెషన్ నమూనా కూడా పెట్టండి.