రూతు కథను మన పొలాల్లో లఘుచిత్రంగా తీయాలనుకునేవారికి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు సంఘాల్లో క్రిస్మస్‌కు బైబిల్ కథను నాటకంగా వేయడం చాలాకాలంగా ఉన్నదే. ఇప్పుడు చేతిలో మంచి ఫోన్ ఉండడంతో యువజనులు అదే కథను సినిమాగా తీయాలని ముచ్చటపడుతున్నారు. మొదటిసారి తీసేవారు రూతు గ్రంథాన్ని ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు మాత్రమే ఉన్న ఆ కథలో సముద్రం చీలనక్కరలేదు, దేవదూత దిగిరానక్కరలేదు. కరవుకు ఊరు విడిచిన కుటుంబం, పరాయి చోట భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న తల్లి నయోమి, ఆమె వెంట నడిచి వచ్చిన కోడలు రూతు, కోతలు, కళ్లం, పెద్దమనుషుల ఎదుట పొలం మాట: వీటిలో వంశధార ఒడ్డున దొరకనిది ఏదీ లేదు.

స్క్రిప్టు రాసేటప్పుడు కల్పన జోలికి వీలైనంత తక్కువగా వెళ్లండి. 1960లో హాలీవుడ్‌లో హెన్రీ కోస్టర్ దర్శకత్వంలో వచ్చిన ‘ది స్టోరీ ఆఫ్ రూత్’ చిత్రం, చిన్నతనంలోనే మోయాబీయుల దేవుడైన కెమోషు గుడికి అప్పగించబడిన బాలికగా రూతును చూపి, గ్రంథంలో లేని కథను చాలాసేపు నడిపింది. పెద్ద సెట్లూ పెద్ద తారాగణమూ ఉన్నవారికి అది చెల్లింది. మనకు గ్రంథమే సగం స్క్రిప్టు, ఎందుకంటే అందులో సగానికి పైగా పాత్రలు మాట్లాడే మాటలే ఉన్నాయి. వాటిని వాడుక తెలుగులోకి తెచ్చుకుంటే పాతిక నిమిషాల చిత్రం దానంతటదే నిలబడుతుంది. రూతు పరిగె ఏరే పొలం ఆసామి బోయజు, పొలానికి వచ్చీ రాగానే కోత కోసేవారికి దేవుని పేరున దీవెన పలకడం, వారు తిరిగి అతన్ని దీవించడం తప్పకుండా ఉంచండి. అతనెలాంటి ఆసామో ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది, వేరే పరిచయం అక్కరలేదు.

పొడవాటి అంగీలు, అతికించిన గడ్డాలు వద్దు. కథను మన ఊళ్లోనే, మన కాలంలోనే జరిగినట్టు తీయండి. రూతు, నయోమి అనే పేర్లు మన సంఘాల్లో ఆడపిల్లలకు పెట్టుకునేవే కాబట్టి వాటిని మార్చే పని లేదు. మోయాబీయురాలైన రూతుది వేరే జాతి, వేరే దేశం. ఆ తేడా తెలియడానికి ఆమె ఒడియా మాట్లాడే ఇంటి పిల్ల అయితే చాలు: అత్తతో తడబడే తెలుగు, తోడికోడలు ఒర్పాను వీడ్కొనేటప్పుడు ఒడియా. సవర పిల్లగా చూపించాలని కొందరికి తోచవచ్చు. నేను ఒప్పుకోను. ఈ కొండల్లో మనకంటే ముందునుంచీ ఉన్నవారిని వారి నేల మీదే పరాయివారిగా చూపడం న్యాయం కాదు.

చిత్రానికి ప్రాణం రెండో అధ్యాయం. మైదానంలో ఇప్పుడు చాలాచోట్ల యంత్రంతోనే కోస్తున్నారు కాబట్టి, కొండవార మడుల్లో కొడవలితో కోసే రైతును వరి పాలు పోసుకునే దశలోనే కలిసి అనుమతి అడగండి. కోత రోజున కూలీల పని ఆపించకండి, వారి వెనుకే నడుస్తూ తీయండి, తెరపై కనిపించిన ప్రతివారికీ ఆ రోజు కూలి మీరూ ఇవ్వండి. పేదల కోసం, పరదేశుల కోసం పొలం అంచులు పూర్తిగా కోయకూడదనీ, రాలిన పరిగె ఏరకూడదనీ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ మీదనే ఈ సన్నివేశమంతా నిలిచి ఉంది. కనుక మొదట కోయకుండా వదిలిన గట్టువారను చూపించి, ఆ తర్వాతే రూతును మడిలోకి దించండి.

పరిగె ఏరే పాత్రధారిణి ముందుగా ఒక పూట నిజంగా ఏరాలి. ఏరడం తెలిసినవారు ప్రతి వెన్నుకూ నడుం ఎత్తరు, వంగినవారు వంగినట్టే ముందుకు జరుగుతూ, ఏరిన వెన్నులను ఎడమ పిడికిట్లో మొదళ్లు కలిపి పట్టుకుంటారు, పిడికిలి నిండాకే ముడి వేస్తారు. ఆమె కోసం పనల్లోంచి కొన్ని లాగి పడేయమని బోయజు పనివారికి చెప్పిన మాటను మాటగా వదిలేయకండి. పన కడుతున్న కుర్రవాడి చేతిని దగ్గరగా తీయండి: బొటనవేలు కాస్త సడలుతుంది, నాలుగు వెన్నులు జారతాయి, అతడు వెనక్కి చూడకుండా సాగిపోతాడు. మధ్యాహ్నం రూతు తినగా మిగిలినది అత్తకోసం దాచడం గ్రంథంలోనే ఉంది. పేలాలు కొంగున ముడివేసుకున్నట్టు చూపితే సరిపోతుంది. సాయంత్రం దుళ్లగొట్టాక వచ్చిన గింజలు తెలుగు బైబిల్ ప్రకారం దాదాపు తూమెడు, అంటే సుమారు 22 లీటర్లు. పరిగెతో ఒక్క రోజులో అంత రాదు, నయోమి ఆశ్చర్యమంతా అందుకే, కాబట్టి ఆ మూటను బరువుగానే దింపించండి.

తూర్పారబట్టేటప్పుడు కెమెరా గాలికి ఎదురుగా కాక పక్కన ఉండాలి, సాయంత్రపు ఎండ పొట్టుకు వెనుకనుంచి పడాలి. గాలి హోరు మైకులో నిండిపోతుంది కనుక ఆ మాటలను తర్వాత గదిలో రికార్డు చేసుకోండి. కళ్లంలో రాత్రి సన్నివేశానికి వెన్నెల చాలదు, ఫోన్‌లో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది. దూరపు షాట్లు సూర్యుడు దిగిన వెంటనే మిగిలే నీలి వెలుగులో తీసి, దగ్గరి షాట్లకు తెల్ల దుప్పటి మీద పడి వచ్చే ఎల్‌ఈడీ కాంతి వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే దీపాలు మిణుకుమిణుకుమనవు. ఇక రూతు బోయజు పాదాల దగ్గర పడుకోవడాన్ని దాచనూ వద్దు, సాగదీయనూ వద్దు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన అతని ముఖం, తనపై కొంగు కప్పమని, అంటే తనను పెళ్లాడమని అడిగే ఆమె గొంతు వరుసగా వస్తే, పిల్లలతో కూర్చున్న పెద్దలు కూడా ఇబ్బంది పడరు.

నాలుగో అధ్యాయంలో దగ్గరి బంధువు నయోమి పొలాన్ని విడిపించుకునే హక్కు వదులుకుంటూ చెప్పు తీస్తాడు. మన ఊళ్లో నలుగురిలో చెప్పు తీస్తే అవమానించడానికే అనుకుంటారు, జనం నవ్వే ప్రమాదమూ ఉంది. అది ఇశ్రాయేలీయుల్లో పూర్వపు ఆచారమని గ్రంథమే వివరిస్తుంది. ఆ వివరణను రచ్చబండ మీది పదిమంది పెద్దల్లో ఒకరి నోట ముందే పలికించి, ఆ తర్వాతే చెప్పు చూపండి. ఆ బంధువుకు గ్రంథంలో పేరు లేదు, మీరూ పెట్టకండి.

ఎడిటింగ్‌కు ఫోన్‌లో దొరికే యాప్ చాలు. సంగీతం ఎవరిదో తీసి వాడకుండా సంఘంలోని డోలకు, హార్మోనియంతో చేయించుకోండి. ప్రదర్శనకు మైకు అనుమతి ముందే తీసుకోండి. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకరు వాడకూడదు కాబట్టి 7 గంటలకే మొదలుపెట్టడం మంచిది. తెలుగు మాటలకు ఒడియా సబ్‌టైటిళ్లు, ఒడియా మాటలకు తెలుగు సబ్‌టైటిళ్లు పెద్ద అక్షరాల్లో వేసి, వెనుక వరుసలో కూర్చుని చదవగలుగుతున్నారో లేదో ముందురోజు రాత్రే అదే తెర మీద చూసుకోండి.