రేడియో స్కానర్ ఆన్ చేసే ముందు

- స్కానర్ అంటే ఛానళ్లు ఒక్కొక్కటీ వెతికి వినిపించే రేడియో. ముందు చట్టం సంగతి. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం నిబంధనలు చూసుకున్నాకే కొనండి. పోలీసు, రక్షణ శాఖల మాటల జోలికి వెళ్లొద్దు. పొరపాటున తగిలితే ఛానల్ మార్చేయండి, రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టకండి.
- వినడానికి మాత్రమే పనికొచ్చే సెట్ తీసుకోండి. చౌకగా వచ్చే వాకీటాకీలో బటన్ నొక్కితే మాట బయటికి పోతుంది, దానికి లైసెన్స్ కావాలి.
- యాంటెన్నా కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల టైం. ఉరుము వినబడ్డాక మేడెక్కి వైరు పీకడం కాదు, మబ్బు పట్టగానే పీకేయాలి. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, టేపు చుట్టండి.
- హామ్‌ల (లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) కోసం 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వెతకండి. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800లో అప్పుడప్పుడు పలుకుతుంది. రెండూ ఎక్కువగా ఎఫ్ఎం మోడ్‌లోనే. దీనికి అర మీటరు కడ్డీ చాలు.
- ఓడల పిలుపు ఛానల్ 16, అంటే 156.800. కృష్ణపట్నం దగ్గర్లో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, కనిగిరిలో కూర్చుని కాదు.
- స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగర శబ్దాన్ని ఆపే నాబ్) పూర్తిగా బిగించి "ఏమీ రావట్లేదు" అని టెన్షన్ పడకండి.